ఈ నెల కొండ ఎవరి వంతు

మా విశ్వవిద్యాలయంలో ఒకే పేరుతో రెండు ఉండకూడదని ఉత్తర్వు వచ్చిన రోజున నాకు ముందుగా గుర్తొచ్చింది మా సెక్షన్లో ఉన్న ఇద్దరు అప్పలనాయుళ్ళు. ఒకాయన పరీక్షల బిల్లులు చూస్తాడు, ఇంకొకాయన పింఛన్లు. ఎవరిని ఎవరిలో కలిపేస్తారోనని ఇద్దరూ ఆ పూట టీకి కూడా లేవలేదు. ఉత్తర్వు కోర్సులకే గానీ మనుషులకు కాదని నేనే సర్దిచెప్పాను. అప్పటికి నేనూ అలాగే అనుకున్నాను.

నేను అకడమిక్ సెక్షన్ సూపరింటెండెంటుని. ఈ ఆఫీసులోనే జుట్టు నెరిసింది. వచ్చిన ఉత్తర్వును వచ్చినట్టు అమలు చేయడం నా పని. అది బాగుందా లేదా అని ఆలోచించడం ఇంటికెళ్ళాక, చెప్పులు విప్పాక చేసుకునే పని.

ఉత్తర్వు పేరు కోర్సుల హేతుబద్ధీకరణ. మా వి.సి. గారు ఏదో పెద్ద సదస్సుకి వెళ్ళి, అక్కడ కోటు వేసుకున్న సలహాదారు ఒకడు చెప్పింది విని, ఆ మత్తులోనే తిరిగొచ్చారు. అప్పటి నుంచీ డూప్లికేషన్ అన్న మాట లేకుండా కాఫీ కూడా అడగడం మానేశారు. ఆ సలహాదారు కంపెనీ వాళ్ళే వచ్చి మా కోర్సుల పేర్లన్నీ కంప్యూటరుకి ఎక్కించి మీట నొక్కారు. ఒకే పేరున్నవన్నీ తెర మీద ఎర్రగా వెలిగాయి. అన్నిటికన్నా ఎర్రగా వెలిగింది మార్ఫాలజీ. నాలుగు శాఖలు, నాలుగు చోట్లా అదే పేరు. వి.సి. గారి కళ్ళు చెమర్చాయంటే నమ్మండి.

వెంటనే సమావేశం పెట్టారు. రిజిస్ట్రార్ దక్షిణామూర్తి గారు గొంతు సవరించుకున్నారు.

"విషయాన్ని సమగ్ర దృక్పథంతో పరిశీలించిన మీదట, ఒకే అంశాన్ని నాలుగు శాఖలు విడివిడిగా బోధిస్తూ ప్రజాధనాన్ని, మానవ వనరులను దుర్వినియోగం చేస్తున్నట్లు ఇందుమూలంగా నిర్ధారణ అయినది."

భాషాశాస్త్రం విశ్వపతి గారు లేచారు. పెద్దమనిషి, మెత్తటి మనిషి. పంచె కుచ్చిళ్ళు సర్దుకోకుండా మాట మొదలుపెట్టరు.

"అయ్యా, పేరొకటే గానీ పనులు వేరు. ఒక మాట ఏయే ముక్కలు కలిస్తే తయారైందో నేను చెబుతాను. ఆకూ వేరూ పువ్వూ ఏ ఆకారంలో ఉంటాయో, ఎందుకుంటాయో హైమవతమ్మగారు చెబుతారు. కొండలూ లోయలూ ఎలా రూపు కడతాయో, ఎలా కరుగుతాయో నూకరాజు గారు చెబుతారు. తెలుగులో చూడండి, నాది పదనిర్మాణం, ఆవిడది మొక్కల ఆకృతి, ఆయనది భూస్వరూపం. మూడింటికీ మూడు పేర్లున్నాయి. ఇక్కడ ఎవరూ పొరబడే అవకాశమే లేదు."

"మీ సూచన బహు విలువైనది," అన్నారు రిజిస్ట్రార్. "తెలుగు వారోత్సవాలలో తప్పక పరిశీలిద్దాం. ఫైలు మాత్రం ఇంగ్లీషులో నడుస్తున్నది."

ఆ విధంగా సమగ్ర మార్ఫాలజీ విభాగం పుట్టింది. రిబ్బను కత్తిరించారు, శాలువాలు కప్పారు. విశ్వపతి గారికీ, వృక్షశాస్త్రం హైమవతి గారికీ, భూగోళం నూకరాజు గారికీ ఒకే గది, ఒకే బీరువా, ఒకే ఫ్యాను ఇచ్చారు. భౌతికశాస్త్రంలో గెలాక్సీల ఆకారాలు చెప్పే కుర్రాయన అంతకు ముందే ఉద్యోగం మానేసి పోయాడు గనక గెలాక్సీలు ఖాళీగా ఉన్నాయి. వాటిని పూర్తి అదనపు బాధ్యతల కింద హైమవతి గారికి అప్పగించారు. ఆవిడ అప్పగింత కాగితం మీద సంతకం పెడుతూ, "ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి తీసుకోవాలా, ఉన్నవి ఉన్నట్టు తీసుకోవాలా?" అని నన్నడిగారు. నిబంధన చూసి చెబుతానన్నాను.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు సంస్కరణ దీని తర్వాత వచ్చింది. ఒకే శాఖలో ఉన్నవాళ్ళు ఎప్పుడూ ఎవరిది వాళ్ళే చెప్పుకుంటూ కూర్చుంటే ఇక కలిపి ఏం లాభం అని వి.సి. గారికి తట్టింది. కాబట్టి పని వంతుల వారీగా తిరగాలన్నారు. ఒక నెల మాటలు, మరుసటి నెల కొండలు, ఆ పై నెల మొక్కలు. ఎవరి వంతులో ఏది ఉంటే ఆ నెలకి దాని మీద పాఠమూ, అభిప్రాయమూ, నివేదికా వాళ్ళే ఇవ్వాలి. వంతు తప్పి ఎవరైనా నోరు విప్పితే అది క్రమశిక్షణా రాహిత్యం. రోస్టరు నేనే టైపు చేయించి గోడకి అంటించాను.

మొదటి నెలలో హైమవతి గారికి మాటలు వచ్చాయి. పిల్లల చేత ప్రతి మాటనీ, ఆకుల్ని ఆరబెట్టినట్టే, రెండు పాత కాగితాల మధ్య పెట్టి ఆరబెట్టించారు. విశ్వపతి గారికి కొండలు వచ్చాయి. నూకరాజు గారికి మొక్కలు వచ్చాయి. ఆయన క్లాసుకి వెళ్ళి, "ఇది సెట్టు, దీని కింద ఉన్నది నేల. రండి, నేల గురించి చెప్పుకుందాం," అన్నందుకు ఆయనకి మొదటి హెచ్చరిక అందింది.

నూకరాజు గారి గురించి ఒక మాట చెప్పాలి. అనకాపల్లి వైపు మనిషి. బూట్లకి ఎప్పుడూ ఎర్రమన్ను. జీతం తీసుకునేది మా దగ్గరే అయినా ఆయన కాపరం మా వెనకాల కొండ మీద. ఆ కొండకి ఇవతల ఆడపిల్లల హాస్టలు. వేసవిలో విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇచ్చే మూల్యాంకన బృందం వస్తోందంటే వాళ్ళ కోసం కొండ పాదం తవ్వి నడక దారి వేశారు. దారి పొడుగునా సిమెంటు నెమళ్ళు పెట్టారు. బృందం వచ్చింది, జీడిపప్పు తిన్నది, ఎండగా ఉందని నడవకుండా వెళ్ళింది. నెమళ్ళు మిగిలాయి. తవ్విన చోటికి పైన నేల బీట వేసింది.

ఆ బీటని నూకరాజు గారు రోజూ పొద్దున్నే వెళ్ళి చూసుకునేవారు. తొలకరి పడగానే నా సీటు దగ్గరికి వచ్చారు.

"సూపరింటెండెంటు గారూ, బీట పెద్దదైపోనాది. నా సెయ్యి మోచేతి దాకా దిగిపోతంది. పాదం తవ్వీసిన కొండ నిలబడదండి. గట్టి వాన పట్టిందంటే హాస్టలు మీదకి వచ్చీస్తాది. ఆడగుంటల్ని అక్కడి నుంచి మార్చీయాలి. ఇండోర్ స్టేడియం ఖాళీగా ఉంది కదేటి."

నివేదిక ఇచ్చారు. నేను మా రిజిస్ట్రార్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన మొదట తేదీ చూశారు, తర్వాత గోడ మీది రోస్టరు చూశారు.

"ఈ నెల కొండ విశ్వపతి గారిది. అనధికార వ్యక్తి సమర్పించిన నివేదికను ఏ విధంగా స్వీకరించగలం?"

విశ్వపతి గారిని పిలిపించారు. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. "అయ్యా, నాకు కొండల సంగతి తెలియదు."

"తెలియడం తెలియకపోవడం అర్హతకు సంబంధించిన విషయం. మేము అడిగేది బాధ్యత గురించి."

"అయితే నా బాధ్యతగా చెబుతున్నాను. నూకరాజు గారు చెప్పిందే నా మాట కూడా. పిల్లల్ని ఖాళీ చేయించండి," అని విశ్వపతి గారు అక్కడే నిలబడి నివేదిక రాసి సంతకం పెట్టారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఒక్క నిపుణుడి మాట చాలదు, రెండో నిపుణుడి అభిప్రాయం కావాలి, అది నియమం. ఆ లోపల నెల మారింది. మాటలు నూకరాజు గారికి, మొక్కలు విశ్వపతి గారికి, కొండ హైమవతి గారికి వచ్చాయి. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కొండెక్కి, బీట చూసి దిగొచ్చారు. "కొండల సంగతి నాకేమీ తెలియదు. కానీ పైన చెట్లన్నీ హాస్టలు వైపుకి ఒరిగి ఉన్నాయి. పోయిన నెల ఒరిగి లేవు," అన్నారు. ఆవిడా అదే రాశారు. ఖాళీ చేయించండి అని.

ఇక పని అయిపోయినట్టే అనుకున్నాను. ఫైలు పైకి పంపి, ఇద్దరు అప్పలనాయుళ్ళకీ నా ఖర్చు మీద టీ తాగించాను.

ఫైలు తిరిగొచ్చింది. వి.సి. గారి పేషీ వాళ్ళు రాసిన అభ్యంతరం ఆకుపచ్చ సిరాలో ఉంది. రెండు నివేదికలూ ఒకే మాట చెబుతున్నందున ఇది డూప్లికేషన్ కిందికి వస్తున్నది. కనుక ఒకదాన్ని రద్దు చేయాలి. రద్దు చేసిన మీదట రెండో నిపుణుడి అభిప్రాయం లేనందున ప్రతిపాదనను పరిశీలించడం సాధ్యపడదు.

ముప్పై ఏళ్ళుగా ఫైళ్ళు చదువుతున్నవాణ్ణి. అంత చక్కగా మూసిన తలుపు నేనెప్పుడూ చూడలేదు. ఎక్కడా వేలు దూరే సందు లేదు.

నేను రిజిస్ట్రార్ గారితో అన్నాను. "అయ్యా, ఇద్దరూ ఒకే మాట చెప్పడానికి కారణం అది నిజం కావడమేమో."

"కావచ్చు," అన్నారాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. "నిజాన్ని కూడా ఒక్కసారే సమర్పించాలి. పైగా ఖాళీ చేయిస్తే బృందానికి మనం పంపిన హాస్టలు భర్తీ శాతం ఏమవుతుంది? హైమవతి గారిని భిన్నాభిప్రాయంతో మరొక నివేదిక ఇవ్వమనండి."

"భిన్నాభిప్రాయం అంటే కొండ పడదని రాయాలి కదండీ?"

"అది నిపుణుల స్వేచ్ఛ. మనం జోక్యం చేసుకోరాదు."

హైమవతి గారు రాయనన్నారు. ఆవిడకి గెలాక్సీల విషయంలో అశ్రద్ధ చూపారని ఒక మెమో వెళ్ళింది.

ఇంతలో ముసురు పట్టింది. మొదటి రోజు చిరుజల్లు. రెండో రోజుకి సముద్రం వైపు నుంచి మబ్బు కొండ మీద కూర్చుంది, దిగలేదు. ఆ మధ్యాహ్నం నూకరాజు గారి క్లాసు తనిఖీ చేసి రమ్మని రిజిస్ట్రార్ గారు నన్ను పంపారు. వంతు తప్పి కొండ గురించి ఒక్క మాట మాట్లాడినా రాసుకుని రావాలి. ఆ నెల ఆయనకి వచ్చినవి క్రియాపదాలు.

వెనక బల్ల మీద కూర్చున్నాను. క్లాసులో ఎక్కువమంది హాస్టలు పిల్లలే. తడిసిన గొడుగులు గోడ వారన ఆరబెట్టుకున్నారు. నూకరాజు గారు నన్ను చూశారు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఒక వాక్యం రాశారు.

కొండ జారుతోంది.

"ఇది వర్తమానం," అన్నారు. "ఇప్పుడే, మనం ఇక్కడ కూకుని ఉండగానే జరుగుతున్నాది. రాసుకోండమ్మా."

పిల్లలు రాసుకున్నారు. ఆయన కింద ఇంకో వాక్యం రాశారు. కొండ జారుతుంది.

"ఇది భవిష్యత్తు. ఈ వాన ఇలగే ఉంటే దీనికి పెద్ద దూరం లేదు."

ఇంకా కింద రాశారు. కొండ జారింది.

"ఇది భూతకాలం. అయిపోనాది. కానీ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. భూతకాలంలో చెప్పాలంటే చెప్పుకోడానికి మనిషి మిగిలుండాలి. లేకపోతే ఆ వాక్యం మన గురించి ఇంకెవులో చెప్పుకుంటారు."

పైకప్పు మీద వాన జోరందుకుంది. మొదటి వరసలో ఉన్న నీలవేణి అనే అమ్మాయి లేచింది. సాలూరు వైపు పిల్ల, హాస్టల్లో మెస్సు సెక్రటరీ.

"సార్, మాకూ ఒక వాక్యం ఇవ్వండి. మేం కర్తగా ఉన్నది."

నూకరాజు గారు నా వైపు చూడలేదు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు. మనం ఈ పూటే మంచాలు మోసుకుని పోతాం.

"ఎక్కడికి సార్?"

"అది క్రియ కాదమ్మా, నా వంతు కాదు. మీరే సూసుకోవాలి."

తనిఖీ కాగితం తీసి రాశాను. తరగతి నియమానుసారం జరిగినది, క్రియాపదాలు తప్ప ఇతర విషయము బోధింపబడలేదు. అందులో ఒక్క అబద్ధం లేదు. కావాలంటే ఎవరైనా బోర్డు చూసుకోవచ్చు.

ఆ సాయంత్రం అయిదింటికి మా పరిపాలనా భవనం మెట్ల మీద చప్పుడైతే బయటికొచ్చి చూశాను. ఆడపిల్లలు వానలో వరసగా వస్తున్నారు. నెత్తి మీద పరుపులు, చంకల్లో బకెట్లు, ఇద్దరికో ఇనప మంచం. ఇండోర్ స్టేడియానికి తాళం ఉంది, తాళంచెవి క్రీడాధికారి దగ్గరుంది, క్రీడాధికారి పెళ్ళికెళ్ళాడు. తాళం లేనిది సెనేట్ హాలు ఒక్కటే. నేరుగా అందులోకి పోయి, పూర్వపు వి.సి.ల తైలవర్ణ చిత్రాల కింద మంచాలు వాల్చుకున్నారు.

రిజిస్ట్రార్ గారు ఊగిపోయారు. "అవుట్ పాస్ లేకుండా హాస్టలు ప్రాంగణాన్ని విడిచిపెట్టడం నిబంధనావళికి పూర్తి విరుద్ధం. వార్డెన్ సంతకం ఏదీ?"

నీలవేణి తడి జడ పిండుకుంటూ చెప్పింది. "వార్డెనమ్మ కూడా మాతోనే వచ్చారు సార్. అదిగో, అక్కడ పరుపేసుకుంటన్నారు."

మర్నాడు పొద్దున్న టిఫిన్ల వేళ కొండ జారింది.

నేను అప్పటికే ఆఫీసుకి వచ్చి ఉన్నాను. బరువైనదేదో చాలాసేపు ఈడ్చినట్టు శబ్దం వచ్చింది. పరుగెత్తి వెళ్ళేసరికి హాస్టలు వెనక భాగమంతా లేదు. మెస్సు లేదు. పిల్లలు వరస కట్టి ఇడ్లీకి నిలబడే చోట గుట్టగా ఎర్రమన్ను, మధ్యలో ఒక సిమెంటు నెమలి తల. నూకరాజు గారు ఆ మన్ను ముందు గొంతుక్కూర్చుని ఏడుస్తున్నారు. ఎవరికీ ఏమీ కాలేదండీ అన్నాను. "తెలుసండి బాబూ, అందుకే," అన్నారు. నాకూ ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మధ్యాహ్నానికి పత్రికల వాళ్ళు వచ్చారు. విశ్వవిద్యాలయ యంత్రాంగం ముందుచూపుతో విద్యార్థినులను సకాలంలో సురక్షిత ప్రాంతానికి తరలించినదని వి.సి. గారు ప్రకటించారు. సమగ్ర మార్ఫాలజీ విభాగం ఏర్పాటు వల్లనే ఇది సాధ్యమైందన్నారు. సెనేట్ హాల్లో పిల్లల మంచాల మధ్య నిలబడి ఫొటో కూడా దిగారు.

పత్రికల వాళ్ళు వెళ్ళాక విచారణ సంఘం కూర్చుంది. అది రెండు లోపాలు కనిపెట్టింది. ఒకటి, విద్యార్థినులు అవుట్ పాస్ లేకుండా కదిలారు. అందరూ క్షమాపణ రాసి, హాస్టలు మెస్సు గేటు దగ్గర ఉన్న పెట్టెలో వెయ్యాలి. రెండు, కొండ మీద తన వంతు కాని నెలలో ఎవరో అభిప్రాయం వెలిబుచ్చారు. లేకపోతే పిల్లలకి ఎలా తెలుస్తుంది? బాధ్యుణ్ణి గుర్తించి చర్య తీసుకోవాలి.

క్షమాపణ సంగతి నీలవేణికి నేనే చెప్పాల్సి వచ్చింది.

"రాస్తాం సార్," అంది. "గేటు మట్టి కింద ఉంది. మీ వాళ్ళని తవ్వి పెట్టమనండి, ఏసొచ్చీస్తాం."

ఆ మాట యథాతథంగా రిజిస్ట్రార్ గారికి విన్నవించాను. తవ్వకం పనులకి టెండరు పిలవమన్నారు.

ఆ సాయంత్రం వి.సి. గారు నన్ను బంగ్లాకి రమ్మన్నారు. బంగ్లా కొండకి అవతలి పక్క. నేను వెళ్ళేసరికి ఆయన పెరట్లో నిలబడి కొండ వైపు చూస్తున్నారు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఏమయ్యా, మన నూకరాజు గారిని ఒకసారి కాఫీకి పిలవకూడదూ? ఊరికే. అఫీషియల్ ఏమీ కాదు."

వెళ్ళి తీసుకొచ్చాను. నూకరాజు గారు కాఫీ ముట్టుకోలేదు. చీకటి పడకముందే గోడ దాటి కొండెక్కారు. కాసేపు అక్కడా ఇక్కడా కాలితో తన్ని, రాళ్ళు తట్టి, నీళ్ళు ఎటు పోతున్నాయో చూసి దిగొచ్చారు.

"ఈ పక్కంతా గట్టి రాయండి. పాదం ఎవులూ తవ్వలేదు. భయం లేదు, అమ్మగారినీ పిల్లల్నీ హాయిగా పడుకోమనండి."

"నిజంగానా?"

"నిజమేనండి."

వి.సి. గారు గట్టిగా ఊపిరి వదిలి ఆయన చెయ్యి పట్టుకున్నారు. ఆ నెల కొండ ఎవరిదని అడగలేదు. రెండో నిపుణుడు కావాలనలేదు. భిన్నాభిప్రాయం ఏమైనా ఉందా అని కూడా అనలేదు. ఒక్క మనిషి ఒక్క మాట చెప్పాడు, ఆయన నమ్మి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. ఆ హాస్టల్లో అంతమంది పిల్లలకి దొరకనిది ఆ ఇంటికి కాఫీ చల్లారేలోపు దొరికింది.

మర్నాడు పొద్దున్న వి.సి. గారు సంతకం చేసిన మెమో నా బల్ల మీదికి వచ్చింది. తమరికి కేటాయించని మాసంలో కొండ విషయమై అభిప్రాయం వెలిబుచ్చినందుకు తమపై ఎందుకు చర్య తీసుకోరాదో సంజాయిషీ ఇవ్వవలసినది. నేనే తీసుకెళ్ళి నూకరాజు గారి చేతికిచ్చాను. ఆయన నిలబడే చదివారు. చదివి నా పెన్ను అడిగారు. సంతకం పెట్టబోతూ ఆగారు.

"సూపరింటెండెంటు గారూ, చిన్న డౌటు. ఇది ఏ అభిప్రాయం గురించండి? హాస్టలు పక్కదా, బంగ్లా పక్కదా?"

నేను మెమో తీసుకుని మళ్ళీ మొదటి నుంచి చివరి దాకా చదివాను. అందులో కొండ అని మాత్రమే ఉంది.